గోడకేసి ఉన్న కుర్చీ

మా రచయితల గదిలో ఒక కుర్చీ ఎప్పుడూ గోడకేసి తిరిగి ఉంటుంది. కథ చెప్పినవాడు చెప్పడం అవగానే అందులో కూర్చుని, నోరు మూసుకుని, వెనకనుంచి పడే చీవాట్లు వినాలి. మాలో పెద్దాయన పెన్నుతో బల్ల మీద కొట్టేదాకా వెనక్కి తిరగకూడదు. ముఖం కనిపిస్తే మొహమాటానికి పోయి అబద్ధాలు చెబుతామని పెట్టుకున్న నియమం. పెట్టింది నేనే. నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నానని అప్పుడు తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాన. జిరాక్సు షాపు మీది గదిలో కిటికీలు మూసేశాం. కరెంటు కూడా పోయింది. ఉన్నది నలుగురం. నాటకాలు రాసి రాసి జుట్టు నెరిసిన పెద్దాయన, సీరియళ్ళకు మాటలు రాసే టీచరమ్మ, ఏ సీను విన్నా సగం కోసెయ్యమంటాడని మేం కత్తెర అని పిలిచే మిత్రుడు, నేను. మర్నాడు పొద్దున్నే నేను ఒక సినిమా నిర్మాతకు కథ చెప్పాలి. పదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన అవకాశం అది.

ముందుగా వీళ్ళకు చెప్పాను. ఇద్దరు అన్నదమ్ములు దాగుడుమూతలు ఆడుతుంటారు. అన్న దొంగ. గోడకు తల ఆనించి వంద లెక్కపెడతాడు. తమ్ముడు ట్రంకు పెట్టెలో దాక్కుంటాడు. మూత పడి గొళ్ళెం బిగుసుకుపోతుంది. ఈలోగా అమ్మ అన్నను అగ్గిపెట్టె తెమ్మని దుకాణానికి పంపిస్తుంది. వాడు తిరిగొచ్చేసరికి... అంతా అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో పెట్టెలోంచి చప్పుళ్ళు.

అది కల్పన కాదని వాళ్ళకు చెప్పలేదు. ఆ అన్న నేనే. అమ్మ పంపిందన్నది మాత్రం అబద్ధం. వంద అయ్యాక లోపలినుంచి పెట్టెను బాదుతున్న చప్పుడు నాకు వినిపించింది. పొద్దున నా గాలిపటం చించాడన్న కోపంతో, కాసేపు ఏడవనీ అనుకుని వీధిలోకి పోయాను. అడిగినవాళ్ళకు అమ్మే పంపిందని చెప్పాను. ఆ ఏడుపుల్లో అమ్మ కూడా నమ్మేసింది. "ఆ రోజు నిన్ను పంపకపోతే చిన్నోడు బతికేవాడురా" అని ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ, ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, వింటూనే ఉన్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యం.

కుర్చీలో కూర్చున్నాను. ముక్కుకు మూరెడు దూరంలో పెచ్చులూడిన గోడ.

"పెట్టె సీను అదిరింది. ముందున్న పది నిమిషాలూ పీకెయ్ గురూ," అన్నాడు కత్తెర.

"తల్లేం చేసింది పాపం? తప్పంతా ఆవిడ నెత్తిన రుద్దినట్టుంది బాబూ," అంది టీచరమ్మ.

"అగ్గిపెట్టె అతకలేదయ్యా," పెద్దాయన గొంతు. "అన్న ఎందుకు వెతకలేదో అది చెప్పు. కథంతా అక్కడే ఉంది."

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. పెన్ను చప్పుడు లేదు. వాన చప్పుడు కూడా ఆగింది... ఏదో గీకుతున్న శబ్దం. గోళ్ళతో రేకు మీద గీకుతున్నట్టు. తుప్పు వాసన... కలరా ఉండల వాసన... మా ట్రంకు పెట్టె వాసన.

"అన్న దుకాణానికి వెళ్ళలేదు..."

చిన్న గొంతు. సరిగ్గా నా మెడ వెనక. కత్తెర వేషాలేస్తున్నాడనుకున్నాను. అలా అనుకోవాలని చూశాను.

"అన్నకు వినబడింది... గాలిపటం నేను చించలేదు అన్నా..."

గాలిపటం సంగతి కథలో చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెవి మీద చల్లటి ఊపిరి తగిలింది.

"అమ్మకు నువ్వు చెబుతావా... నేను చెప్పనా?"

చెబుతానని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నియమం కదా, మాట్లాడకూడదు... అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గోడను చూస్తూ కూర్చున్నాను.

టక్.

పెన్ను చప్పుడు. తిరిగాను. ముగ్గురూ బల్లకు అవతల, ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. బయట వాన పడుతూనే ఉంది.

"ఆఖర్న మాట్లాడిందెవరు?" అన్నాను.

"నేనే కదయ్యా, అగ్గిపెట్టె గురించి," అన్నాడు పెద్దాయన. "ఆ మాట అంటూనే బల్ల మీద కొట్టాను."

"ముఖమేంటి బాబూ అలా పాలిపోయింది? మంచినీళ్ళు తాగండి," అంది టీచరమ్మ.

గ్లాసు అందుకోబోతుంటే ఫోన్ మోగింది. అమ్మ.

"ఒరేయ్..." ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "ఆ రోజు నేను నిన్ను అగ్గిపెట్టెకు పంపనే లేదటగా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఇంటికి రాకురా," అంది అమ్మ, గుసగుసగా. "ఈసారి చిన్నోడే దొంగట. నిన్నెక్కడైనా దాక్కోమంటున్నాడు."

అమ్మ వెనకనుంచి, గోడకు నోరు ఆనించి పలుకుతున్నట్టు, అంకెలు వినిపిస్తున్నాయి.

"తొంభై ఏడు... తొంభై ఎనిమిది..."