భర్త పక్షం

హాలంతా చప్పట్లతో మోగిపోతోంది! వెనక వరుసలో కూర్చున్న ఆ తల్లికి మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వేదిక మీద నల్లకోటు వేసుకుని నిలబడింది ఎవరో కాదు... తన కడుపున పుట్టిన పిల్ల!

పదకొండో తరగతిలో లా సబ్జెక్టు తీసుకుంటానని కూతురు అన్న రోజున ఇంట్లో ఎంత గొడవ! "ఆడపిల్లకి నోరు పెరగడం తప్ప ఏమొస్తుంది?" అని తండ్రి ఇంతెత్తున లేచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడికి ఎదురు చెప్పని ఇల్లాలు ఆ ఒక్కసారి మాత్రం పట్టుబట్టింది. "దాని ఇష్టం, దాన్ని చదువుకోనివ్వండి" అని, ఆయనతో మాటలు మానేసి మరీ సాధించింది. ఆ చదువు నిర్వాకం ఇదిగో, ఇవాళ తెలిసింది!

స్కూల్లో పిల్లలు ఆడేది ఉత్తుత్తి కోర్టు. కేసు కూడా ఉత్తుత్తిదే. మొగుడి దుకాణంలో ఏళ్ళ తరబడి కుట్టుపని చేసిన భార్య లాభాల్లో వాటా అడిగింది. చీటీలు తీస్తే కూతురికి భర్త పక్షం వచ్చింది. వస్తే వచ్చింది, ఆ వాదించడం ఏమిటి! "జడ్జిగారూ, ఫ్యాను కింద కూర్చుని కుట్టే కుట్టుకి వాటా ఏమిటండీ? బేరం తెచ్చేది ఎవరు? ఆవిడ కాకపోతే ఇంకొకరు కుడతారు!" అని చెయ్యి తిప్పుతూ అడిగేసరికి జనం ఘొల్లుమన్నారు. సోఫా కవర్లు కుట్టి కుట్టి మొద్దుబారిన వేళ్ళను తల్లి కొంగులో దాచుకుంది. ఆ చెయ్యి తిప్పడం, ఆ మాటలు... అన్నీ పక్కన కూర్చున్న మొగుడివే! ఆ మహానుభావుడేమో, తీర్పు భర్త వైపు రాగానే లేచి నిలబడి, "నా కూతురండీ! అచ్చం నా నోరే!" అని హాలంతా వినిపించేలా చెప్పుకున్నాడు.

వరండాలోకి కూతురు పరుగెత్తుకొచ్చింది. తల్లి కళ్ళు చూసి ఆగిపోయింది.

"అమ్మా... కోపం వచ్చిందా?"

"కోపమెందుకే? బాగా మాట్లాడావు."

"మరి ఏడుస్తున్నావెందుకు?"

"మీ నాన్న అంటే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేదాన్నే తల్లీ! నీ నోట వినేసరికి... నిజమే కాబోలు అనిపించింది."

పిల్ల మొహం పాలిపోయింది. "అయ్యో అమ్మా! ఒక్క ముక్క కూడా నేను ఆలోచించలేదే... రోజూ ఇంట్లో విన్నవే గబగబా వచ్చేశాయి. గెలవాలన్న ధ్యాసలో నువ్వక్కడ ఉన్నావనే మరిచిపోయాను... సిగ్గుగా ఉందమ్మా!" అంటూ తల్లి భుజం మీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనే నిలబడ్డ తండ్రి నవ్వు సగంలోనే ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే లా టీచరమ్మ నవ్వుతూ వచ్చింది. "భలే వాదించింది! ఎవరు నేర్పారండీ?"

ఇందాక హాలంతా వినిపించేలా చెప్పుకున్న తండ్రి ఈసారి గొంతు తగ్గించాడు. "నేనేనండీ..." అన్నాడాయన నేలచూపులు చూస్తూ. భార్య వైపు చెయ్యి చూపించి, "మాది సోఫాల దుకాణం. నేను కొలతలు రాసుకొస్తాను, అంతే. కుట్టేదంతా... ఈవిడే" అన్నాడు.

బయటివాళ్ళ ముందు ఆయన ఆ మాట అనడం అదే మొదలు! ఆయన తల దించుకోవడం చూడాలని ఆవిడ మనసులో ఎన్నిసార్లు అనుకుందో! తీరా చూశాక సంతోషం రాలేదు, జాలే వేసింది. అలాగని మాట దిగమింగుకోనూ లేదు. కూతురి కళ్ళు తుడిచి, మొగుడి ఎదుటే అంది.

"ఈసారి చీటీలో భార్య పక్షం వస్తే నన్నడుగు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది."