మూడో మిద్దె మింద చప్పుడు

హోసూరు బాగలూరు రోడ్డులో ఇప్పుడు కింద చీరల అంగడి, పైన బ్యాంకీ ఉండే ఆ పెద్ద కాంప్లెక్సు ఉండాదే... అది కట్టే కాలంలో, పొద్దు గుంకినంక ఎవురూ దాని కల్లా తలెత్తి చూసేవాళ్లు కాదు.

రెండు వేల నాలుగు, ఆ ప్రాంతం. గోడలు ఇంకా లేవలేదు. స్తంభాలూ స్లాబులూ మాత్రమే నిలబడి ఉండాయి. నడాన లిఫ్టు కోసరం వదిలిన చదరపు గుంత... పైనుంచి అడుగు దాకా, బాయి మాదిరి. ఆ గుంతలో ఒక ఆడమనిషి పడి చచ్చిపోయినాది. పేరు సుబ్బక్క. కాంక్రీటు తట్టలు మోసే మనిషి.

అప్పట్నుంచి రాత్రి అన్నాలు తిని అందరూ పండుకొన్నంక, మూడో మిద్దె మిందినుంచి —

టక్... టక్... టక్...

సుబ్బక్క తలకాయ స్తంభానికేసి కొట్టుకుంటా ఉండాది అనేవాళ్లు. కావేరిపట్టణం నుంచి వచ్చిన కూలోళ్లు మూటలు కట్టుకొని పొయినారు. వాచ్‌మెన్ ముత్యాలప్ప గేటు కాడ మంచం వేసుకొని, కట్టడానికి వీపు పెట్టి పండుకునేవాడు.

ఈ సంగతంతా నాకు చెప్పింది మునెమ్మ. బేరిగై ఊరి మనిషి. సుబ్బక్క మొగుడు ఆంజప్పకు రెండో పెండ్లాము.

ఆంజప్పది సెంట్రింగు పని. స్లాబు పొయ్యక ముందు కింద పలకలు కొట్టి నిలబెట్టే పని. సుబ్బక్క పోయిన మరు సంవత్సరం మునెమ్మను చేసుకొని, అదే కట్టడం ఎనకాల రేకుల షెడ్డులో కాపురం పెట్టినాడు.

"దెయ్యమంటే నాకు బయం లేదప్పా," అనింది మునెమ్మ. "నాకుండింది కడుపుమంట."

ఏం జేసినా సుబ్బక్కే. సంగటి గెలికి పెడితే — సుబ్బక్క చేస్తే గడ్డ కట్టేది కాదు. తట్ట నెత్తిన పెట్టుకొని నడిస్తే — సుబ్బక్క నడిస్తే తట్ట కదిలేది కాదు. ఆడోళ్లందరూ ఇదే మాట. ఆంజప్ప నోరు తెరిచి ఏమీ అనేవాడు కాదు గానీ, సుబ్బక్క దువ్వెన పెట్టెలో దాచిపెట్టుకొన్న్యాడు. దాని పండ్లలో ఇంకా రెండు ఎంటికలు ఉండాయంట.

మునెమ్మ ఆ దువ్వెన తీసి చూసేది. పారెయ్యాలనుకొనేది. మళ్లా ఆడనే పెట్టేది. బతికుండే సవతితో అయితే జుట్టు పట్టుకొని కొట్లాడొచ్చు. చచ్చినదాంతో ఎట్ల?

అట్లుండగా ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే, పక్కన మొగుడు లేడు.

మరు రాత్రీ లేడు.

మిద్దె మింద మాత్రం టక్... టక్...

అప్పుడు మునెమ్మకు తెలిసిపొయినాది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఎవుర్నో పెట్టుకొన్న్యాడు! ఎవురూ ఎక్కని చోటు చూసుకొని, చచ్చినదాని పేరు అడ్డం పెట్టుకొని, పైన కులుకుతా ఉండాడు.

"ఆ పొద్దు నా ఒళ్లంతా మిరప్పొడి చల్లినట్లు అయిపొయినాదప్పా... లేచి పొయినాను."

దీపం తీసుకోలేదు. దీపం చూస్తే వాళ్లు దాక్కుంటారని. మెట్లకు కమ్మీలు లేవు. గోడ లేదు. ఒక పక్క చెయ్యి పెడితే చేతికి గాలే తగిలేది. వంగి, మెట్టు మెట్టూ చేత్తో తడుముకుంటా ఎక్కినాది. పైకి పోయేకొద్దీ చప్పుడు దగ్గరైనాది.

టక్... టక్...

మూడో మిద్దె. చప్పుడు ఆగిపొయినాది.

ఎదురుగా, స్తంభం చాటున, చిన్న ఎలుతురు. టార్చి నేల మింద పెట్టినట్లుండాది. ఆ ఎలుతుర్లో మొగుని భుజం. భుజం పక్కన... ఎర్రచీర కొంగు. గాలికి ఎగురుతా ఉండాది.

మునెమ్మకు కండ్లు కమ్ముకొన్న్యాయి. చీర కొంగు తప్ప ఇంగేమీ కనబడలేదు. పట్టుకొని ఈడ్చాలని, నేరుగా దాని కల్లా నడిచినాది — ఒక అడుగు... ఇంకొక అడుగు...

"ఆడే నిలుచు."

చెవి పక్కనే. మెల్లగా. ఆడగొంతు.

మునెమ్మ నిలిచిపొయినాది. బయంతో కాదు. కోపంతో. నా మొగున్ని పెట్టుకొనింది గాక, నన్నే నిలుచుకోమంటాదా ఇది!

"ఎవత్తివే నువ్వు?" అని అరిచినాది.

టార్చి ఎలుతురు ఆమె మొగం మిందికి తిరిగినాది. తర్వాత కాళ్ల మిందికి దిగినాది.

కాళ్ల ముందర నేల లేదు.

లిఫ్టు గుంత. ఆమె కాలి ఏళ్లు దాని అంచున ఉండాయి. గుంతకు అవతలి పక్క ఆంజప్ప — చేతిలో సుత్తి, కాళ్ల కాడ పలకలు. ఒక కట్టెకు కట్టిన ఎర్రచీర ముక్క. ఆడ గుంత ఉండాదని జనాలు కనుక్కోవాలని కట్టిన గుర్తు. చీర మటుకు సుబ్బక్కదే.

ఆంజప్ప చుట్టు తిరిగి వచ్చి ఆమెను ఎనక్కి లాగినాడు. ఇద్దరూ కూలబడినారు.

"అదెవత్తి?" అనింది మునెమ్మ.

"ఎవురూ లేరే."

"ఈడ ఏం జేస్తా ఉండావు మరి?"

అప్పుడు చెప్పినాడు. గుంత మూసే దానికి కొట్టిన పలకల్ని పగలు పనోళ్లు పీక్కొని పోతారు. స్లాబుకు పలకలు చాలవు, ఇంజనీరు తొందర పెడతాడు. సుబ్బక్క పడిన దినం పలకలు పీకింది తానే. పని ఉండాదంటే పీకినాడు. ఆమె తట్ట ఎత్తుకొని ఎప్పటి మాదిరే ఆ పలకల మింద నడిచేదానికి వచ్చినాది.

"అందుకే రాత్రిళ్లు వచ్చి మళ్లా కొడతా ఉండాను," అన్న్యాడు.

మునెమ్మ ఏడ్చినాది. గుంత చూసి ఏడ్చినాదో, మొగుడు ఇంకా సుబ్బక్క కోసరమే పని చేస్తా ఉండాడని ఏడ్చినాదో, ఆమెకే తెలీదంట.

తెల్లారి ఇంజనీరు కేశవమూర్తి వచ్చేసరికి ఆడోళ్లెవురూ తట్ట ముట్టలేదు. ఇసక కుప్ప మింద కూచోనుండారు. ముందర మునెమ్మ.

"ఏమమ్మా, ఏం రగడ ఇది? స్లాబు డేటు దగ్గర పడింది!"

"దెయ్యం చప్పుడని మనుషులు పారిపోతా ఉండారు గదా సార్. అది దెయ్యం కాదు. మా ఇంటాయన సుత్తి." ఆమె మిద్దె కల్లా చెయ్యి చూపించినాది. "మీరు గుంత మూస్తే ఆయన రాత్రిళ్లు ఇంట్లో పండుకొంటాడు. చప్పుడు నిలిచిపోతాది. మనుషులు వస్తారు. ముయ్యకపోతే మేము ఎక్కము."

"పలకలు తక్కువ ఉండాయమ్మా..."

"పలకలొద్దు. ఇనుప జాలీ ఎయ్యండి. ఎవురూ పీకలేనట్ల."

కేశవమూర్తి ఆంజప్ప మొగం చూసినాడు. ఆంజప్ప తల దించుకొన్న్యాడు. సాయంత్రానికి వెల్డింగు మనిషి వచ్చినాడు. అన్ని మిద్దెల్లో గుంత చుట్టూ ఇనుప కమ్మీలు, మింద జాలీ పడినాయి. మెట్లకూ కమ్మీలు పడినాయి. కావేరిపట్టణం వాళ్లు తిరిగి వచ్చినారు. కట్టడం ముగిసేదాకా మళ్లా ఎవురూ పడలేదు.

చప్పుడూ నిలిచిపొయినాది.

కాంప్లెక్సు తెరిచిన దినం పనోళ్లందరికీ భోజనాలు పెట్టినారు. ఆకుల ముందర పక్కపక్కన కూచోనుండంగా మునెమ్మకు మనసు తేలికైనాది. మొగునితో నవ్వతా అనింది.

"ఆ పొద్దు రాత్రి నువ్వు నిలుచుకోమని అనక పోయుంటే నేను లేను. బయానికి నీ గొంతు ఆడదాని గొంతు మాదిరి అయిపొయినాది. నేను ఎవత్తో అనుకొన్న్యాను!"

ఆంజప్ప చేతిలో ముద్ద ఆగిపొయినాది.

"నేను యాడ అన్న్యానే? టార్చి ఎలుతుర్లో నీడ మాదిరి నీ కాలు అంచు కాడికి వచ్చేది చూసినాను. అరవాలనే చూసినాను... నోటి నిండా మేకులు పెట్టుకోనుండాను. అవి ఉమిసేలోపల నువ్వే నిలిచిపొయినావు."

మునెమ్మ పైకి చూసినాది. మూడో మిద్దె కొత్త రంగుతో మెరుస్తా ఉండాది.

ఆ గొంతు మళ్లా గుర్తు తెచ్చుకొన్న్యాది. ఆడే నిలుచు... ఎంత మెత్తగా అనింది. చంటిబిడ్డను పట్టుకొన్నట్లు.

మొగుని కల్లా తిరిగి, గొణిగినట్లు అనింది —

"అక్క గొంతు అంత బాగుంటాదని... నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు."