చిరంజీవ అన్న కొండ

కొత్త పెళ్ళికొడుకు ఫిర్యాదు ఒక్కటే. కొండ తనని వెక్కిరించింది.

టూరిజం ఆఫీసులో మేనేజరు కుర్చీలో ఉన్న అమ్మాయి పెన్ను కింద పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. అతను చెప్పాడు. ఎకో పాయింట్ దగ్గర రెయిలింగు పట్టుకుని, భార్య వినేలా, 'జీవితంలో నీకు ఒక్క అబద్ధం కూడా చెప్పను' అని లోయలోకి అరిచాడట. ఎదురు కొండ ఆ మాటని పొల్లు పోకుండా తిరిగి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఓ క్షణం ఆగి, "అబ్బో" అంది.

పక్కనే ఉన్న పెళ్ళికూతురు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఆ నవ్వు ఆగట్లేదనీ, కాపురం మొదలవకుండానే తను నవ్వులపాలయ్యాననీ పెళ్ళికొడుకు వాపోయాడు.

గాలి వల్ల అలా వినపడి ఉంటుందని మేనేజరు సర్ది చెప్పి పంపించింది. వాళ్ళు గుమ్మం దాటగానే రెండు చేతుల్తో తల పట్టుకుంది.

అసలే ఆ కొండల జిల్లాలో చూడ్డానికి ఉన్నవి నాలుగంటే నాలుగు. జలపాతం వానాకాలంలో తప్ప దూకదు. గుహలో గబ్బిలాలు పిల్లల్ని పెట్టాయని అటవీ శాఖ తాళం వేసింది. సూర్యోదయం చూసే మెట్ట మీద ఏడాది పొడుగునా పొగమంచు, అక్కడ సూర్యుడికే దారి దొరకదు. మిగిలింది ఎకో పాయింట్. వచ్చే ఆదివారం కొండ ఉత్సవం మొదలయ్యేది అక్కడే. ఈసారి ఉత్సవం చప్పగా సాగిందంటే ఆఫీసు మూసేసి, ఆమెని కింద మైదానంలో ఉన్న హెడ్డాఫీసుకి బదిలీ చేస్తామని పెద్దసారు ఫోన్లో తేల్చి చెప్పాడు. పుట్టి పెరిగిన కొండ మీద ఉండాలని వచ్చిన ప్రమోషన్లు కూడా కాదనుకున్న మనిషి ఆమె. కింద ఆ ఉక్కలో, ఫైళ్ళ గుట్టల మధ్య తనని ఊహించుకుంటేనే ఊపిరాడేది కాదు.

గొడుగు తీసుకుని ఎకో పాయింట్‌కి బయల్దేరింది.

అక్కడ టికెట్లిచ్చేది ఆమె మేనత్త. చిన్నప్పటి నుంచి ఆమెని పెంచింది కూడా ఆవిడే. మేనకోడలు మెట్లెక్కి రావడం చూసి అత్త ముఖంలో రంగులు మారాయి. మబ్బు పట్టింది, జలుబు చేస్తుంది, ఇంటికి పొమ్మని కిటికీలోంచే కసిరింది. ఆ కంగారేమిటో మేనేజరుకి అర్థం కాలేదు.

రెయిలింగు దగ్గరికెళ్ళి లోయలోకి హలో అని అరిచింది. హలో అంది కొండ. గొంతు కాస్త లావుగా అనిపించింది. ఎవరక్కడ అని అరిచింది. ఎవరక్కడ అంది కొండ, బుద్ధిగా. ఇంతలో గాలివాటుకి చినుకొకటి వచ్చి ముక్కు మీద పడింది. ఆమె గట్టిగా తుమ్మింది.

"చిరంజీవ," అంది కొండ.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెనకనుంచి అత్త పిలుస్తున్నా వినిపించుకోకుండా వేలాడే వంతెన దాటి, అవతలి కొండ బండల దారిన గబగబా ఎక్కింది. పైన సెల్ టవరు, దాని కింద రేకుల గది. గది ముందు మెట్టు మీద ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో పాత రేకుని చుట్టి చేసిన పెద్ద గొట్టం, రెండో చేతిలో ముద్ద. ముందున్న టిఫిన్ క్యారియర్‌ని ఆమె వెంటనే గుర్తుపట్టింది. మూత సొట్ట పోయిన ఆ క్యారియర్ కోసం తను ఇల్లంతా వెతుకుతోంది.

"అబ్బో అన్నది మీరేనా?"

అతను ముద్ద మింగి లేచి నిలబడ్డాడు. "అది నోరు జారిందండీ. ఆయన చెప్పిన మాట అలాంటిది."

"మరి చిరంజీవ?"

"అది అలవాటు. మా నాయనమ్మ పెంపకం. ఎవరు తుమ్మినా నా నోరు ఊరుకోదు. మీరు చేయి కడుక్కుంటారా, మీ అత్తగారు వంట బాగా చేశారు."

తన ఇంటి అన్నానికి తననే పిలుస్తున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. అతను టవరు మెకానిక్. జనం టవరబ్బాయి అంటారు. రోడ్డు మీద బండలు పడుతున్నాయని పోయిన వేసవిలో టవరున్న ఈ కొండ చరియ మొత్తానికి వల కట్టి, దాని మీద పీచు చాపలు పరిచి గడ్డి పెంచారు. రాయి ఉన్నప్పుడు తిరిగొచ్చిన మాట, పీచులో పడి అక్కడే ఇంకిపోయింది. కొండ మూగబోయిన సంగతి ముందుగా కనిపెట్టింది అత్త. మేనకోడలి ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని ఎవరికీ చెప్పకుండా వంతెన దాటి వచ్చి, ఈ పుణ్యం కట్టుకో నాయనా అని ఇతని చేతులు పట్టుకుంది. ప్రతిఫలం క్యారియర్ భోజనం.

మేనేజరు అంతా విని, ఇది జనాన్ని మోసం చెయ్యడమంది. బోర్డు మీద ప్రకృతి సిద్ధం అని రాసి ఉందని గుర్తు చేసింది. ఈ క్షణం నుంచి నోరెత్తడానికి వీల్లేదని చెప్పి, సగం ఖాళీ అయిన క్యారియర్ పట్టుకుని దిగిపోయింది. సగం దూరం వచ్చాక, మనిషి నోటి దగ్గరిది లాక్కొచ్చానని సిగ్గేసింది. వెనక్కి వెళ్ళడానికి మరీ సిగ్గేసింది.

మర్నాడు కొండ పలకలేదు.

జనం గొంతులు బొంగురుపోయేలా అరిచి, అలిసిపోయి, టికెట్ల కిటికీ మీదకి వెళ్ళారు. అత్త అందరికీ సమాధానం చెప్పి, ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకుంది. కొండ నోరు నొక్కింది నువ్వే, నువ్వే చూసుకో అని ముసుగులోంచే అంది. సరిగ్గా అప్పుడే పెద్దసారు ఫోను. ఉత్సవం రోజున మొదటి కేక స్వయంగా తనే వేస్తాడట, మైకు పెట్టించమన్నాడు.

మేనేజరు నిండుగా సర్దిన క్యారియర్ పట్టుకుని మళ్ళీ వంతెన దాటింది. ఆమెని చూసి టవరబ్బాయి నవ్వలేదు. నవ్వాపుకున్నాడు. అది ఇంకా ఒళ్ళు మండించింది.

షరతులు పెట్టింది. అన్నది అన్నట్టు అనాలి. ఒక్క అక్షరం ఎక్కువ అనకూడదు. ఆడవాళ్ళు అరిస్తే గొంతు కొంచెం సన్నం చెయ్యాలి. రెండోసారి నెమ్మదిగా, దూరం నుంచి వచ్చినట్టు అనాలి. ఉత్సవం గట్టెక్కగానే బోర్డు తనే తీయించేస్తుంది. అతను అన్నిటికీ తలూపాడు.

రోజూ పొద్దున్నే రిహార్సల్. ఇటు రెయిలింగు దగ్గర గొడుగు కింద ఆమె, అటు తుంపరలో రేకు గొట్టం పట్టుకుని అతను. స్వాగతం అని ఆమె అరిస్తే స్వాగతం అనేవాడు. అక్కడిదాకా బాగానే ఉండేది. చివరికొచ్చేసరికి, గొంతు బొంగురుగా ఉందేమిటి, వేడి నీళ్ళు తాగండి మేనేజరు గారూ అని లోయంతా వినపడేలా అనేవాడు. పాలవాడు సైకిలాపి వినేవాడు. కిటికీలోంచి అత్త, నిజమే, నేను చెప్తే వినదు అనేది. షరతులు మరోసారి గుర్తు చెయ్యడానికి ఆమె రోజూ వంతెన దాటాల్సి వచ్చేది. ఆ మాట ఫోన్లో చెప్పినా సరిపోతుందని ఎందుకో తట్టలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీ అమ్మాయిల బస్సొకటి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు ఐ లవ్ యూ అని అరుస్తుంటే, కొండ ఒక్కొక్కరికీ తీరుబడిగా, ఎంతో తియ్యగా జవాబిచ్చింది. ఆ సాయంత్రం క్యారియర్ మూత తీస్తూ మేనేజరు, ఇవాళ గొంతు బాగా పలికినట్టుందే అంది, ముఖం చూడకుండా.

"మీ రూలే కదండీ. అన్నది అన్నట్టు అనమన్నారు."

"అంత తియ్యగా అనమన్నానా?"

అతను రేకు గొట్టం ఒళ్ళో పెట్టుకుని దాని అంచు గోరుతో గీకుతూ కూర్చున్నాడు. "రోజూ బోలెడు మందికి ఐ లవ్ యూ చెప్తున్నాను," అన్నాడు చివరికి. "ఒక్కటీ నాది కాదు."

ఆమె కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది. అంతకన్నా దిక్కుమాలిన ప్రశ్న ఇంకేదైనా ఉంటుందా?

ఉత్సవానికి ముందు రోజు అసలు సంగతి అతనికి చెప్పింది. రేపు తేడా వస్తే తను కిందికి పోవడం ఖాయమంది. అతను మొదటిసారి ఎదురు మాట్లాడలేదు. రేపు ఎవరు తుమ్మినా దగ్గినా నోటికి తాళమేనని ఒట్టు వేశాడు.

ఆదివారం మబ్బులేని ఆకాశం. రంగు కాగితాల తోరణాలు, డప్పులు, ఐస్‌క్రీమ్ బండ్లు. కింద నుంచి బస్సుల మీద బస్సులు. పెద్దసారు కోటు తొడుక్కుని వచ్చాడు. మైకు ముందు నిలబడి, మన కొండలు అని అరిచాడు. మన కొండలు అంది ఎదురు కొండ, గంభీరంగా. రెండోసారి నెమ్మదిగా, దూరం నుంచి. జనం చప్పట్లు కొట్టారు. పెద్దసారు ఛాతీ పొంగింది. ఇంకో నాలుగు మాటలు అరిచాడు. నాలుగూ తిరిగొచ్చాయి. మేనేజరు గుండె మీది బరువు దిగింది.

అప్పుడు ఎవరో ఆయన మెడలో పూలదండ వేశారు. పుప్పొడి ముక్కులోకి పోయింది. పెద్దసారు ముఖం చిట్లించాడు, నోరు తెరిచాడు, మైకులోనే తుమ్మాడు.

లోయంతా నిశ్శబ్దం. మేనేజరు కళ్ళు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో, ఎంత ఆపుకున్నా ఆగలేదన్నట్టు, నీరసంగా వినిపించింది.

"చిరంజీవ..."

పెద్దసారు మెల్లగా ఇటు తిరిగాడు. "ఏమిటమ్మాయ్ ఇది?"

గాలి అనొచ్చు. పెళ్ళికొడుకుకి చెప్పినట్టే చెప్పెయ్యొచ్చు. టికెట్ల కిటికీలో అత్త, గాలి అని చెప్పమన్నట్టు చేత్తో విసురుతోంది కూడా. కానీ ఇన్నాళ్ళ విసుగు ఆమె గొంతులోకి ఒక్కసారే వచ్చింది.

"మనిషి సార్. ఎదురు కొండకి పీచు చాపలు కప్పించిన రోజునే ప్రతిధ్వని పోయింది. ఆ పనికి రిబ్బను మీరే కత్తిరించారు. ఇది తెలిసి కూడా నడిపించింది నేనే. వేరే ఎవరి తప్పూ లేదు. అతను నెలల తరబడి గొంతు చించుకుంటున్నాడు, ఒక పూట అన్నానికి. బదిలీ చేస్తారో ఏం చేస్తారో, చేసుకోండి."

మైకు ఆపలేదన్న సంగతి చెప్పాక తెలిసింది.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దసారు ఎర్రబడి ఏదో అనబోయాడు. అంతలో ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడ రెయిలింగు దగ్గరికొచ్చి, లోయలోకి వంగి, చూస్తుండగానే ఒక దొంగ తుమ్ము తుమ్మింది.

అవతల కాసేపు సందేహం. తర్వాత కొంచెం బిడియంగా, చిరంజీవ అంది కొండ.

ముసలావిడ బోసినవ్వు నవ్వి, ఇన్నేళ్ళకి నాకు ఆ మాట అనేవాడు దొరికాడంది. ఇంక చూడాలి. పిల్లలు, పెద్దలు, డప్పుల వాళ్ళు, ఐస్‌క్రీమ్ బండివాడు, ఒకరి మీద ఒకరు పడి తుమ్మడం మొదలుపెట్టారు. కొండ ఎవరినీ నిరాశపరచలేదు. రానురాను గొంతులో ధైర్యం కూడా వచ్చింది. పసిపిల్ల తుమ్మితే, చిరంజీవ, చలిగాలికి టోపీ పెట్టండమ్మా అంది. జనం విరగబడి నవ్వారు. టికెట్ల కిటికీ ముందు క్యూ మెట్ల దాకా పాకింది.

పెద్దసారు ఆ క్యూ వైపు చూశాడు. దండ తీసి పక్కన పెట్టాడు.

"నన్ను చిరంజీవ అన్నవాడి మీద నేనేం చర్య తీసుకోను," అన్నాడు విసుగ్గా. బోర్డు మీద ప్రకృతి సిద్ధం అన్న ముక్క ఇవాళే చెరిపించమన్నాడు. ఆ అబ్బాయికి నోటికి భోజనం కాదు, చేతికి జీతం ఇమ్మన్నాడు. బదిలీ ఊసు ఎత్తకుండా జలపాతం చూడ్డానికి వెళ్ళిపోయాడు. అక్కడ నీళ్ళు లేవని ఎవరూ ఆయనకి చెప్పలేదు.

మేనేజరు రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఇంత రభస చేసినందుకు అతన్ని తిట్టాలనుంది. ఇంకోటి కూడా అనాలనుంది. లోయలోకి చూసి గట్టిగా అరిచింది.

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు."

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు," అంది కొండ.

ఆమె ఊపిరి పీల్చుకుంది. "నాకు మీరంటే ఇష్టం."

కొండ పలకలేదు.

క్యూలో నవ్వులు ఆగిపోయాయి. ఆమె ఎదురుచూసింది. చెవులు వేడెక్కాయి. ఊరూపేరూ తెలియని వాళ్ళందరికీ తియ్యతియ్యగా జవాబిచ్చిన మనిషి, తుమ్ముకి కూడా నోరు కట్టేసుకోలేని మనిషి, సరిగ్గా ఇప్పుడే మూగబోవాలా? ఇన్ని షరతుల్లో మొదటిదే తప్పాడు. ఇక ఒక్క క్షణం కూడా అక్కడ నిలబడకూడదని వెనక్కి తిరిగింది.

వేలాడే వంతెన దడదడలాడింది. టవరబ్బాయి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. కంగారులో రేకు గొట్టం చంకలోనే ఉండిపోయింది.

"పలకరేం?" అంది ఆమె, ఏడుపూ కోపమూ కలిసిపోయిన గొంతుతో. "అన్నది అన్నట్టు అనమన్నానా లేదా?"

"అక్కడి నుంచి అంటే మీ మాటే తిరిగొచ్చినట్టుంటుందండీ," అన్నాడు అతను ఆయాసపడుతూ. "ఇది నాది. అందుకని వచ్చాను."

గొట్టం కింద పెట్టాడు. దగ్గరికొచ్చి, ఒక్క చెవికి మాత్రమే వినపడేంత చిన్నగా, చెప్పాడు.

క్యూలో వాళ్ళు ఊరుకోలేదు. మాకు వినపడలేదు, మళ్ళీ చెప్పమను అని గొడవ చేశారు. అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టింది. కళ్ళు తుడుచుకున్న చేత్తోనే టికెట్ల కట్ట ఊపింది.

"ఆ ముక్క టికెట్టులో లేదు, పదండి. టవరబ్బాయ్, నువ్వు రాత్రికి భోజనానికి ఇంటికే వచ్చెయ్. ఇక నుంచి ఆ క్యారియర్ మోయడం నావల్ల కాదు."