పసుపు గులాబీకి జవాబు

పాలు పొంగుతున్నాయని ఇటు తిరిగితే ఫోన్ మోగింది, ఫోన్ మోగిందని అటు తిరిగితే పాలు పొంగిపోయాయి. కోడలికి ఈ మధ్య ప్రతి ఉదయం ఇలాగే తెల్లారుతోంది. ఒక చేత్తో స్టవ్ తుడుస్తూ రెండో చేత్తో ఫోన్ అందుకుంది. 'నిమ్మ మొక్క బాల్కనీలో బతుకుతుందా?' అని ఒకరు, 'ఇంటికి తెచ్చిస్తారా?' అని ఇంకొకరు, ఏమీ అడక్కుండా బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నవాళ్ళు ఇంకొందరు. కళ్ళు మండుతున్నాయి. పడుకునే ముందు ఇవే జవాబులు, లేవగానే మళ్ళీ ఇవే జవాబులు.

ఇంటి ముందంతా వాళ్ళ నర్సరీ. మామగారు ఉన్నన్నాళ్ళూ మొక్క కొన్నవాళ్ళనీ కొననివాళ్ళనీ కూడా కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవాడు. ఆయన పోయాడు, వీధి చివర పెద్ద దుకాణం వచ్చింది, గేటు తీసుకుని లోపలికొచ్చే మనుషులు తగ్గిపోయారు. అప్పుడు కోడలే నర్సరీ పేరు మీద ఒక పేజీ తెరిచింది. మొక్కల ఫొటోలు, కుండీ మార్చే వీడియోలు, అడిగినవాళ్ళకి అడిగినంత సలహా. పేజీ మీద భర్త ఫొటో పెట్టింది, ప్రతి జవాబు కింద 'మీ తోటవాడు' అని సంతకం. నవ్వు ఆయనది, పేరు ఆయనది, టైపు చేసే వేళ్ళు మాత్రం ఈమెవి. ఆయనేమో పొద్దున్నే మొక్కలు వ్యాన్లో వేసుకుని బయల్దేరితే మళ్ళీ భోజనాల వేళకే ఇల్లు చేరేది.

ఫోన్ ఇంకోసారి మోగింది. పసుపు గులాబీ! పేరేంటో తెలియదు, ఫొటో ఉండాల్సిన చోట పసుపు గులాబీ ఉంటుంది, అంతే. 'బాబూ, ఇవాళ ఇంకో రెండు ఆకులు పండిపోయాయి. ఏం చెయ్యను?' కింద ఆకు ఫొటో. కోడలికి నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. నీళ్ళు తగ్గించమని చెప్పి చెప్పి నోరు, కాదు, వేళ్ళు నొప్పి పుట్టాయి. అయినా ఆవిడతో మాట్లాడుతుంటే ఏదో హాయిగా ఉండేది. భోంచేశారా అమ్మా, మోకాలి నొప్పి ఎలా ఉంది అని మొక్కతో సంబంధం లేనివి కూడా అడిగేస్తుండేది.

"మళ్ళీ ఆవిడేనా?" భర్త భుజం మీదుగా తొంగిచూశాడు. "ఇన్నాళ్ళలో ఒక్క కుండీ కొందా? పోనీ ఒక్క ఎరువు పొట్లం?"

"కొనలేదు."

"మరింకేం! నువ్వు ఆవిడతో ఊసులాడుతూ కూర్చున్నావు, నిన్న ఆ ఆఫీసువాళ్ళు కుండీలు కావాలని అడిగి అడిగి పెద్ద దుకాణానికి పోయారు. ఇలాగైతే నర్సరీకి తాళమే."

"మామయ్యగారు కొననివాళ్ళతో కూడా మాట్లాడేవారుగా."

"అందుకేగా కొట్టు ఇలా తయారైంది!"

మేడమెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. అత్తగారు. కొడుకు తండ్రిని అన్న మాట విన్నట్టుంది. ఎవరి వైపూ చూడకుండా నీళ్ళ చెంబు నింపుకుని మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. ఆవిడ ఇలా మౌనవ్రతం పట్టి చాలా రోజులైంది. పేజీ కోసం వీడియో తీస్తుంటే వెనకాల పాత బట్టల్లో అటూ ఇటూ తిరుగుతోందని, "అత్తయ్యా, కాస్త పక్కకి జరగండి, వీడియోలో పడుతున్నారు" అంది కోడలు. అంతే! ఆ రోజు నుంచీ ఆవిడ కింద కూర్చోవడమే మానేసింది. ఎంత పిలిచినా ఊ అంటే ఊ, లేకపోతే అదీ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంటి పని, కొట్టు పని, పైన ఈ మౌనం.

భర్త వ్యాన్ తీసుకుని వెళ్ళిపోయాడు. కోడలు ఫోన్ వైపు చూసింది. ఒళ్ళంతా అలసట. నిజమే కదా, ఎంతమందికని ఊడిగం చేస్తుంది? గబగబా టైపు చేసేసింది. 'కొనేది ఏమైనా ఉంటే చెప్పండమ్మా. ఊరికే కబుర్లకి మాకు తీరిక లేదు. మీ తోటవాడు.'

చూసినట్టు గుర్తు వెంటనే పడింది. జవాబు మాత్రం రాలేదు. ఎరువు సంచి విప్పుతున్నా, మొక్కలకి నీళ్ళు కొడుతున్నా మనసు అక్కడే పీకుతూనే ఉంది. అనకుండా ఉండాల్సిందేమో.

భోజనాల వేళకి భర్త వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. అత్తగారు మెట్లు దిగింది. ఒక చేతిలో బట్టల సంచి, చంకలో ఒక మొక్క కుండీ.

"మా అక్క దగ్గరికి వెళ్తున్నా."

"ఇప్పుడా? ఏమైందమ్మా?"

"ఏమవుతుంది! తీరిక లేనివాళ్ళకి అడ్డమెందుకని."

భర్త గిర్రున భార్య వైపు తిరిగాడు. "ఏమన్నావ్ నువ్వు?"

"నేనా? నాతో మాట్లాడితే కదండీ నేను అనడానికి!"

"దాన్నెందుకంటావ్," అంది అత్తగారు. "అన్నది నువ్వే."

"నేనేమన్నానమ్మా! పొద్దున్నుంచీ వ్యాన్లోనే ఉన్నా, అసలు నీతో మాట్లాడి..." అని, మాట మింగేశాడు.

"అవున్రా, మాట్లాడి ఎన్నాళ్ళయిందో నీకే గుర్తులేదు. పోనీలే, ఇంట్లో వీలుకాదు, సంపాదించుకోవాలి అనుకున్నా. అక్కడైనా మాట్లాడేవాడివి కదా! బయటివాళ్ళనుకునైనా భోంచేశారా అమ్మా అని అడిగేవాడివి. ఇవాళ అదీ లేదన్నావు. కొంటేనే మాట్లాడతావా? ఎంతకి అమ్ముతావురా మాట?"

భర్తకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాడు. కోడలి చూపు మాత్రం అత్తగారి చంకలో కుండీ మీద పడి అక్కడే అతుక్కుపోయింది. అంచు పగిలితే ఇనప తీగతో కట్టిన కుండీ. పండిపోయిన ఆకులు. పైన ఒకే ఒక్క పువ్వు, పసుపుది. రోజూ ఫోన్లో చూసిన ఆకులే! దగ్గరగా తీసిన ఫొటోల్లో ఆకులు తప్ప ఇంకేం కనపడేది గనక.

"అత్తయ్యా," అంది ఎలాగో. "అది ఆయన కాదు. నేను."

"ఏంటి నువ్వు?"

"పేజీలో జవాబులిచ్చేది నేను. ఫొటో మాత్రమే ఆయనది. భోంచేశారా అని అడిగింది నేను, మోకాలికి కాపడం పెట్టుకోమన్నది నేను." కళ్ళు నిండిపోయాయి. "పొద్దున ఆ పాడుమాట అన్నదీ నేనే."

అత్తగారు మెట్టు మీద కూలబడింది. కొడుకుని చూసింది, కోడలిని చూసింది, మళ్ళీ కొడుకుని చూసింది. కొడుకు తల దించుకున్నాడు.

"నువ్వా!" అంది చివరికి. "ఇంత చక్కగా మాట్లాడ్డం వచ్చా నీకు? మరి ఇంట్లో ఏమైందే ఆ నోరు?"

"ఇంట్లో మీరు పలకరుగా."

"జరగమన్నావు కదే! జరిగాను. మేడ మీద దాకా జరిగాను."

ఇంక కోడలు ఆపుకోలేకపోయింది. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఇన్ని రోజుల అలసటా ఒక్కసారి బయటపడింది. అత్తగారి చెయ్యి కాసేపు గాల్లో తటపటాయించి, కోడలి తల మీద వాలింది.

"ఎప్పుడూ ఆ ఫోన్ పట్టుకుంటే నన్ను తప్పించుకోవడానికనుకున్నా. కళ్ళు చూడు, ఎలా పీక్కుపోయాయో. నువ్వు తిన్నావా అసలు?"

తల అడ్డంగా ఊపింది కోడలు. ముక్కు తుడుచుకుంటూ, అలవాటు కొద్దీ కుండీలో వేలు పెట్టింది. వేలు బురదలోకి దిగిపోయింది.

"అత్తయ్యా! ఇన్ని నీళ్ళా? వద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావు."

"మరి?"

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "తగ్గిస్తే బాగుపడిపోతుంది కదా. బాగుపడితే ఇంకేం అడగను నిన్ను?"

బల్ల మీద ఫోన్ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. భర్త వెళ్ళి తీశాడు. అలవాటు లేని బొటనవేలితో ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ, "మీరిద్దరూ ముందు తినండి," అన్నాడు మెల్లగా. "వీళ్ళకి నేను చెప్తాలే."

కోడలు బట్టల సంచి తీసి మెట్ల పక్కన పెట్టింది. మొక్కని కుండీలోంచి పైకి లాగి, కుళ్ళిన వేళ్ళు ఒక్కొక్కటే తుంచుతోంది.

"బతుకుతుందంటావా?" అంది అత్తగారు పక్కనే పీట వేసుకుని.

"ఏమో అత్తయ్యా. ఇక్కడే, కిందే పెడదాం. రోజూ అడుగుతూ ఉండండి, చెప్తాను."