పడవ నీడలో

ఆ సాయంత్రం సముద్రం పళ్లెంలో పోసిన నూనెలా కదలకుండా ఉంది. పడవ నడిపేది మా అన్నయ్య, తోడుగా ఇంజను మేస్త్రి. నాది చేపల పరిశోధన. దొరికిన స్క్విడ్‌లని, అదే పది చేతుల మెత్తటి సముద్రపు జీవుల్ని, కోసి ఏం తిన్నాయో, గుడ్లు పెట్టాయో లేదో చూడడం నా పని. నీ చేతిలో పడేదాకా వాటి బతుకు బానే ఉంటుందే అని అన్నయ్య ఎప్పుడూ ఏడిపించేవాడు. నిజానికి వాటి బతుకే ఏడాది. గుడ్లు పెట్టి, అవి పిల్లలయ్యేలోపే చచ్చిపోతాయి. తల్లి మొహం చూసిన స్క్విడ్ లేదు.

పొద్దుగుంకగానే దీపాలు వేశాం. స్క్విడ్‌లు వెలుగుకి వస్తాయి కానీ వెలుగులో నిలవవు. పడవ నీడలో పొంచి ఉండి, చిన్న చేపలు కనబడితే తటాలున దూకుతాయి. ఆ రోజు చేపలు వచ్చాయి. వాటి జోలికి ఏదీ పోలేదు. నీడలో లెక్కలేనన్ని కళ్లు... అన్నీ పైకే చూస్తున్నాయి.

గాలాలకి పడినవాటిని కుప్ప పోశాం. అవి చిమ్మిన నల్లటి సిరా కంపు. చచ్చాక కూడా వాటి చర్మం మీది ఎర్రచుక్కలు కాసేపు విచ్చుకుని ముడుచుకుంటాయి, అది నాకు కొత్త కాదు. కానీ కుప్పంతా ఒక్కసారే ఎర్రబడింది. ఒక్కసారే పాలిపోయింది. మళ్లీ...

అన్నయ్య ఊపిరి పీలిస్తే ఎరుపు. వదిలితే తెలుపు.

మేస్త్రీ చూశాడు. పోదాం పదండని గొణిగి ఇంజను తిప్పాడు. అది ఉలకలేదు, పలకలేదు.

అన్నయ్య అంచు మీదికి వంగి ఉన్నాడు.

"అన్నయ్యా, ఇటు రా," అన్నాను మెల్లగా.

"కింద చలిగా లేదంట, చిట్టీ."

"ఎవరన్నారు?"

అన్నయ్య ఇంకా కిందికి వంగాడు. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, జిగటగా... వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. ఆయన దూకలేదు. మెట్లు దిగినట్టు నీళ్లలోకి దిగాడు. తాడు విసిరాం. భుజానికి తగిలింది కూడా. పట్టుకోలేదు. నీళ్లు తేటగా ఉన్నాయి, అంతా కనిపించింది. స్క్విడ్‌లు తప్పుకుని దారిచ్చాయి. అన్నయ్య వెల్లకిలా, నాకేసే చూస్తూ, నీడలోకి వెళ్లిపోయాడు. మేస్త్రి దూకబోతే నేనే నడుం పట్టుకుని ఆపాను. ఇంకొకరిని కూడా పోగొట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది.

వైర్‌లెస్‌లో పిలిస్తే వచ్చి, తెల్లారేదాకా వెతికిన పడవలకి ఆయన చెప్పు కూడా దొరకలేదు.

మర్నాడు వదిన ముందు నిలబడలేక ల్యాబ్‌లోకి పోయి తలుపేసుకున్నాను. ఏం చెయ్యాలో తోచక, రాత్రంతా ఐసులో ఉన్న ఒకదాన్ని తీసి కోశాను. స్క్విడ్‌కి మూడు గుండెలుంటాయి. మూడూ ఉన్నాయి, బిగుసుకుపోయి, కదలకుండా.

పక్కనే నాలుగోది ఉంది.

అది కొట్టుకుంటోంది.