పదో నంబరు మూల

ఆ సెల్లారులో పదో నంబరు మూలకి మంచి పేరు లేదు. అక్కడ ఆపిన స్కూటరు తనంతట తనే ఒరిగిపోయిందంటారు. రాత్రిళ్లు ఎవరో నిట్టూర్చినట్టు వినిపిస్తుందంటారు. ఇక డాక్టరమ్మ కారు సంగతి సరే సరి... ఎన్నిసార్లు బాగుచేసినా అక్కడ ఆపిన వారం తిరక్కుండా బ్యాటరీ చచ్చి ఊరుకునేది. అక్కడున్నదేదో కరెంటు పీల్చేస్తోందని అపార్ట్‌మెంట్ అంతా తీర్మానించేసింది.

ఆ కారు బాగోగులు చూసేది వీధి చివరి షెడ్డులో ఉండే మెకానిక్ — అందరూ బ్యాటరీ అక్క అంటారు. దెయ్యం మాటెత్తితే ఆవిడకి ఒళ్లు మండేది. కొత్త బ్యాటరీ వేసింది, వైర్లన్నీ తడిమింది. షెడ్డులో వారం ఉంచితే బండి నిక్షేపంలా ఉంటుంది. పదో నంబరుకి వెళ్లిందా — మళ్లీ మొదలు.

మొన్న రాత్రి కాన్పు కేసుకి పిలుపొస్తే, కారు కదలక డాక్టరమ్మ ఆటో కోసం రోడ్డున పడి పరిగెత్తింది. తల్లీబిడ్డా దక్కారు గానీ అక్కకి తల కొట్టేసినట్టయింది. ఈ రాత్రికల్లా సంగతి తేలకపోతే బండి వేరే షాపుకి ఇచ్చేస్తానని డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది.

దాంతో అక్కకి పంతం వచ్చింది. పన్నెండు దాటాక కరెంటు కొలిచే మీటరు, టార్చి, చార్జి చేసిన బ్యాటరీ ఒకటి పట్టుకుని సెల్లారులోకి దిగింది. తోడుగా మొగుడు. ఆయన టైలరు, పగలే ఆ మూలకి రాడు. పెళ్లాం ముందు పరువు పోతుందని వచ్చాడు.

మీటరు పెట్టి చూసింది. తలుపులన్నీ వేసే ఉన్నాయి, తాళం చేతిలోనే ఉంది... అయినా బ్యాటరీలోంచి కరెంటు కారిపోతూనే ఉంది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకింది. నాలుగోది పీకగానే అంకె సున్నాకి పడిపోయింది. అది లోపలి లైట్లది. అద్దాల్లోంచి చూస్తే అంతా చీకటే. ఇక మిగిలింది డిక్కీలో ఉండే లైటు. మూత తీస్తే ఎలాగూ వెలుగుతుంది. మూశాక ఆరుతోందో లేదో... లోపలున్నవాళ్లకే తెలియాలి.

అక్కకి నవ్వాగలేదు. ఫ్యూజు మళ్లీ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"నేను లోపల పడుకుంటా, మీరు మూసెయ్యండి. తట్టగానే తియ్యాలి," అంది గుసగుసగా.

ఆయన తలూపాడు.

అక్క డిక్కీలోకి ఎక్కి, సీట్ల వైపు ముఖం పెట్టి ముడుచుకుంది. మూయమంది. చప్పుడు లేదు. ఇంకోసారి అంది...

మూత నెమ్మదిగా దిగింది. ఇంట్లో గ్లాసు పెట్టినా ధన్‌మనిపించే మనిషి ఇంత మెత్తగా మూశాడేమిటా అనుకుంది.

నెత్తిమీద లైటు — వెలుగుతూనే ఉంది!

దానికి తోడు తను మెల్లగా ఒక పక్కకి జారుతోంది. అప్పుడర్థమైంది. నీళ్లు పోవడానికి ఆ మూల నేలని వాలుగా పోశారు. బండి ఒరిగి, మూత పక్కకి జరిగి, లైటు స్విచ్చిని నొక్కట్లేదు. షెడ్డులో నేల చదును కాబట్టి అక్కడ ఆరిపోయేది. ఆ ఇరుకులోనే అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూనే మూత మీద తట్టింది.

వెంటనే తెరుచుకుంది.

మొగుడు కనిపించలేదు. సిగ్గుపడి స్తంభం చాటుకి పోయుంటాడనుకుంది. బల్బు పీకేసి, తెచ్చిన బ్యాటరీ బిగిస్తుండగానే డాక్టరమ్మ బ్యాగుతో పరుగున దిగింది. మళ్లీ కాన్పు కేసు. అక్క దగ్గర తాళం అందుకుని తిప్పింది — ఒక్క దెబ్బకే స్టార్టయింది. ఆవిడ కిటికీలోంచి అక్క చెయ్యి గట్టిగా నొక్కి వెళ్లిపోయింది. అక్క ఆనందం పట్టలేక ఆ చీకట్లో గిర్రున తిరిగింది.

మొగుణ్ణి వెతుక్కుంటూ గేటు దాకా వచ్చింది. వాచ్‌మన్ పక్కన స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడాయన. అక్కని చూసి తల దించుకున్నాడు. డిక్కీలో నువ్వు కాలు పెట్టడం చూడగానే గుండె జారిపోయింది, ఇటు పరిగెత్తుకొచ్చేశాను, అప్పట్నించీ ఇక్కడే ఉన్నాను అని ఒప్పుకున్నాడు. అవునమ్మా అన్నాడు వాచ్‌మన్.

"కోప్పడకు," అన్నాడు మొగుడు. "కారు వెళ్లడం చూశాను, గెలిచేశావు. అవునూ... మూత మూయడానికి ఎవర్ని పిలిచావు?"

అక్క సెల్లారు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"ఎవరో గానీ... థాంక్సండీ," అని, మొగుడి చెయ్యి పట్టుకుని ఒకటే పరుగు.