హంపయ్య నల్ల పట్టీ

దేవదుర్గ దారిలో, కృష్ణ ఒడ్డున ఉన్న పాత ఇన్‌స్పెక్షన్ బంగళాలో మే నెల పదకొండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు హాజరైనవారు నలుగురు. టేబుల్‌కు తలవైపు చీఫ్ శరణబసవ. ఆయనకు కుడివైపు టెక్నికల్ విభాగం అధిపతి శ్రీనిధి. ఎడమవైపు ఏజెంట్ ధర్మతేజ. నాలుగో వ్యక్తి తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న రామాబాయి. ఆమెను ఎవరూ పిలవలేదు. పన్నెండు రోజుల క్రితం భర్తను పోగొట్టుకున్న మనిషిని బయటికి వెళ్ళమనే ధైర్యం మాత్రం ఆ ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది.

చీఫ్ ఫైలు తెరిచాడు.

"హంపయ్య. మన వైర్‌లెస్ స్టేషన్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు మెకానిక్. రిటైరైన తరువాత పాత కంప్యూటర్లను సేకరించి, బాగుచేసి, రోజూ వాడుతూ ఉండేవాడు. గత నెలలో తుక్కు సామాన్లలో ఆయనకు ఒక ఫ్లాపీ డిస్కు దొరికింది. ఎప్పుడో కాల్చి ఉండవలసిన డిస్కు అది. ఎనభైలలో సరిహద్దు అవతల మనకు సమాచారం అందించిన నలభై ఒక్క మంది పేర్లు అందులో ఉన్నాయి. వాళ్ళలో కొందరు ఇంకా బతికే ఉన్నారు. అందరి పిల్లలూ బతికే ఉన్నారు. హంపయ్య ఆ డిస్కును మనకు అప్పగించడానికి మోపెడ్ మీద బయలుదేరాడు. గిల్లేసూగూరు దాటాక ఒక జీపు గుద్దింది. శవం దొరికింది. సంచీ దొరకలేదు."

"రూడెక్" అన్నాడు ధర్మతేజ. ఆ పేరును అతడు ఉమ్మేసినట్లు పలికాడు.

"అవును. రహస్యాలు కొని అమ్మే రూడెక్. మూడు పాస్‌పోర్టులు, ముప్పై దేశాల్లో ఖాతాదారులు."

"పన్నెండు రోజులైంది కదా సర్. ఇంకా చదవలేదెందుకు?"

ఆ ప్రశ్నకు శ్రీనిధి సమాధానం చెప్పింది. "చదవలేడు. ఆ డిస్కు త్రినేత్ర-85 అనే యంత్రం కోసం తయారైంది. అటువంటి యంత్రాలు దేశం మొత్తం మీద పన్నెండే తయారయ్యాయి. ఇప్పుడు పనిచేసేది ఒక్కటే. పైగా ఇంత పాత డిస్కు మీద పూత రాలిపోతూ ఉంటుంది. వేరే డ్రైవులో పెట్టి ప్రయోగం చేస్తే పేర్లన్నీ దుమ్మైపోవచ్చు. రూడెక్ దగ్గర ఉన్న నిపుణురాలే అతనికి ఈ సంగతి చెప్పిందని మాకు సమాచారం. దాని సొంత యంత్రంలో, ఒకే ఒక్కసారి."

"ఆ యంత్రం ఎక్కడుంది?"

"నా ఇంట్ల" అన్నది రామాబాయి.

చీఫ్ ఒక ఫొటోను టేబుల్ మీదికి జరిపాడు. గాజు వంటి కళ్ళు, పొట్టి జుట్టు, మెడలో సన్నని వెండి గొలుసు. "స్ఫూర్తి. పాత కంప్యూటర్లు సేకరించే బెంగళూరు అమ్మాయి. త్రినేత్రను చూడటానికి ఒక విదేశీ మిత్రుడితో ఎల్లుండి వస్తామని రామాబాయిగారికి ఉత్తరం రాసింది. రూడెక్ నిపుణురాలు ఆమే."

"రెండేండ్లు ఐతవారం ఐతవారం వచ్చింది" అన్నది రామాబాయి. గొంతు ఏమాత్రం పెరగలేదు. "మా ఆయన పక్కన స్టూలు మీద కూసోని పని నేర్సుకున్నది. బిడ్డా అని పిలుస్తుండె. నా చేతి జొన్న రొట్టె తిన్నది."

చీఫ్ ఫొటోను తిరిగి ఫైలులో పెట్టాడు.

"ఆర్డర్లు రెండు" అన్నాడు చీఫ్. "ఒకటి, ఆ జాబితా ఆ గది దాటకూడదు. రెండు, రూడెక్ ప్రాణాలతో దొరకాలి. హంపయ్య నీకు గురువని నాకు తెలుసు, ధర్మతేజా. ప్రతీకారం మన సర్వీసు రూల్సులో లేదు."

"నా రూల్సుల ఉన్నది" అన్నది తలుపు పక్కనుంచి రామాబాయి.

శ్రీనిధి టేబుల్ మీద ఒక కిలో తూకపురాయిని పెట్టింది. చూడటానికి సంతలో ఉల్లిగడ్డలు తూచే రాయి వంటిదే. లోపల మాత్రం జానెడు దూరం నుంచి ఎటువంటి డిస్కునైనా తుడిచిపెట్టే అయస్కాంతం ఉంది. ధర్మతేజ పాత సామాన్లు కొనే గుజరీ వ్యాపారి యలమందయ్య వేషంలో ఆ ఇంట్లో ఉండాలి; డిస్కు బయటికి తీసిన క్షణాన తక్కెడను దాని పక్కకు జరపాలి. అతని చెవిలోని వినికిడి యంత్రం ద్వారా రెండు వీధుల అవతల ఉన్న బృందం ప్రతి మాటా వింటుంది. డిస్కు చెరిగేదాకా వాళ్ళు కదలకూడదు. వాసన తగిలితే రూడెక్ డిస్కుతో సహా మాయమవుతాడు.

"కోడ్ వర్డ్?" అన్నాడు ధర్మతేజ.

చీఫ్ ఆలోచించేలోగా రామాబాయి చెప్పింది. "గిల్లేసూగూరు రేడియో ఉన్నదా అని అడుగు. నేను తయారుగ ఉంటే, ఉన్నది, ఇంక పాడుతున్నది అంట."

ఆ ఊరి పేరును కోడ్‌గా పెట్టే సాహసం మిగతా ముగ్గురిలో ఎవరూ చేసి ఉండేవారు కాదు.

*

పదమూడో తేదీ మధ్యాహ్నం నాలుగు గంటలు. రాయచూరు ఎండ మక్తల్‌పేట సందులో నిలువునా నిలబడి ఉంది. నెరిసిన గడ్డం, గళ్ళ లుంగీ, భుజాన గోనెసంచి వేసుకొని ధర్మతేజ గడప ముందు తక్కెడ దించాడు.

"పాత సామాన్లు కొంటామండీ. గిల్లేసూగూరు రేడియో ఉందాండీ అమ్మగారూ?"

"ఉన్నది. ఇంక పాడుతున్నది. లోపలికి రా యలమందయ్యా."

లోపలి గది హంపయ్య సామ్రాజ్యం. వాల్వు రేడియోలు, టేపు రికార్డర్లు, పచ్చని తెరల మానిటర్లు. గోడ పొడవునా అరలలో వందల కొద్దీ ఫ్లాపీలు పుస్తకాల్లా నిలబడి ఉన్నాయి. ప్రతి ఫ్లాపీ అంచునా వేలిగోరంత నల్ల పట్టీ. ధర్మతేజకు ఆ పట్టీల సంగతి తెలుసు. ఫ్లాపీ అంచులో చిన్న గంటు ఉంటుంది. దాన్ని పట్టీతో మూస్తే డిస్కును చదవవచ్చు గాని, చెరపడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. పాత డిస్కు చేతికి రాగానే హంపయ్య చేసే మొదటి పని అదే. అన్నం పళ్ళెం ముందున్నా సరే, ముందు పట్టీ అంటించి తరువాతే చెయ్యి కడుక్కొనేవాడు.

జీపు ఆగింది. ముందు ఒక కాపలావాడు వచ్చాడు. గోనెసంచి తడిమాడు. తక్కెడనూ, తూకపురాయినీ ఎత్తి, ఒక్క మాటైనా అనకుండా తీసుకుపోయి జీపులో పడేశాడు. డిపార్ట్‌మెంటు ఆరు నెలల పరిశోధనాఫలితం ఆ విధంగా వెనక సీటు కింద విశ్రాంతి తీసుకొన్నది.

ప్లాన్ పోయింది. రెండో ప్లాన్ లేదు.

రూడెక్ తెల్లని లినెన్ సూటులో లోపలికి వచ్చి, తలుపు గడియ తానే వేసి, పిస్టల్‌ను మర్యాదగా బయటికి తీశాడు. అతని వెనకే స్ఫూర్తి. ఆమె రామాబాయి వైపు చూడలేదు. టేబుల్ మీద పట్టీ లేని ఫ్లాపీ ఒకటి కనిపించగానే, ఆలోచన లేకుండానే చేతిసంచిలో నుంచి నల్ల పట్టీ తీసి, దాని గంటు మీద అంటించి, వేలితో అదిమింది. ఆ చెయ్యి హంపయ్య నేర్పిన చెయ్యి.

'ఈమెకు అన్నీ తెలుసు. ఈమెను మోసగించడం కుదరదు' అనుకొన్నాడు ధర్మతేజ.

"ఈ మనిషి ఎవరు?" అన్నాడు రూడెక్ ఇంగ్లీషులో.

"గుజరీ ఆయన" అన్నది రామాబాయి. "ఆ యంత్రం ఇరవై ఎనిమిది కిలోలు. నువ్వు లేపుతవా, ఆయన లేపాలెనా?"

స్ఫూర్తి అనువదించింది. రూడెక్ నవ్వి, పిస్టల్‌తో మూల చూపించాడు. ధర్మతేజ త్రినేత్రను ఎత్తి టేబుల్ మీద పెట్టి, ఆ మూలనే వాల్వు రేడియో పక్కన నిలబడ్డాడు. రూడెక్ తన సెల్‌ఫోన్‌ను మూడు కాళ్ళ స్టాండ్ మీద నిలిపి, కెమెరాను తెర వైపు తిప్పాడు.

"లైవ్" అన్నాడు గర్వంగా. "నా ఖాతాదారులు చూస్తున్నారు. పేర్లు తెర మీదికి రాగానే వాళ్ళకు చేరిపోతాయి. మీ ఆయన ఈ పని స్నేహంగా చేసి ఉంటే ఇప్పుడు మనకు టీ ఆయనే పోసేవాడు."

రామాబాయి చెయ్యి చాచింది. రూడెక్ కోటు జేబులో నుంచి డిస్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అంచున నల్ల పట్టీ, మూలలు గుండ్రంగా కత్తిరించినది. హంపయ్య చివరిసారి అంటించిన పట్టీ.

ఆమె ఒక్క క్షణం దాని మీద బొటనవేలు ఉంచింది. తరువాత గోటితో లేపి, పట్టీని పూర్తిగా ఊడదీసి, తన కొంగు చివర ముడివేసుకొన్నది.

ఆమె ఏం చేయబోతున్నదో ధర్మతేజకు అర్థమైంది. స్ఫూర్తికీ అర్థమై ఉండాలి.

"ఏమిటది?" అన్నాడు రూడెక్.

"పట్టీ గోందు ముద్ద కట్టింది. డ్రైవుల ఇరుక్కుంటది" అన్నది రామాబాయి.

రూడెక్ స్ఫూర్తి వైపు తిరిగాడు. "నిజమేనా?"

లుంగీ మడతలోని చిన్న పిస్టల్ మీదికి ధర్మతేజ చెయ్యి జారింది. స్ఫూర్తి అప్పుడు మొదటిసారి రామాబాయి ముఖంలోకి చూసింది. ఆ చూపు చాలాసేపు ఉన్నట్లు అనిపించింది గాని, గడియారంలో అది ఒక్క సెకండు.

"నిజమే" అన్నది. "ఎప్పుడూ ముందు అది తీసెయ్యాలి."

రామాబాయి డిస్కును లోపలికి తోసి, డ్రైవు గడియ వేసి, భర్త పక్కన కూర్చొని నేర్చుకొన్న నాలుగు అక్షరాలు టైపు చేసింది. పచ్చని తెర మీద 'ప్లీజ్ వెయిట్' అని ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. డ్రైవు కదిలింది.

టక్. టక్. టక్.

ధర్మతేజ ఆ చప్పుడును ఇదే గదిలో, ఇదే స్టూలు మీద నేర్చుకొన్నాడు. యంత్రం చదివేటప్పుడు కోడి గింజలు ఏరినట్లు ఇక్కడొకటి, అక్కడొకటి పొడుస్తుంది. చెరిపేటప్పుడు మాత్రం మనిషి నడిచినట్లు సమంగా అడుగులు వేస్తుంది. రెండు సెకండ్లకొక అడుగు. మొత్తం నలభై. తుపాకి ముందు కూర్చొని రామాబాయి ఆ జాబితాను తుడిచేస్తున్నది. దాన్ని దొంగిలించినవాడు ఓపికగా చూస్తున్నాడు.

తొమ్మిది. పది. పదకొండు.

"ఎంతసేపు?" అన్నాడు రూడెక్.

"ముసలి యంత్రం" అన్నది స్ఫూర్తి. "చదువుతోంది. కదిలించకండి. ఒకే ఒక్కసారి అని చెప్పాను కదా."

ఆ మాటతో ధర్మతేజకు ఇంకో సంగతి వెలిగింది. పద్నాలుగు రోజులుగా ఈ డిస్కును ఎవరూ ముట్టుకోకుండా కాపాడినది కూడా ఆ మాటే.

ఇరవై ఆరు. ఇరవై ఏడు. రూడెక్ గదంతా కలియజూశాడు. అతని కళ్ళు అరల మీద ఆగాయి. ఒక అర. తరువాతి అర. వందల ఫ్లాపీలు, వందల నల్ల పట్టీలు.

"వీటన్నిటికీ పట్టీ ఉంది" అన్నాడు నెమ్మదిగా. "నా దానికి మాత్రమే ఎందుకు తీశారు?"

ముప్పై మూడు.

ముప్పై నాలుగు.

రూడెక్ ముఖం తెల్లబోయింది. ఒక్క ఉదుటున డ్రైవు గడియ మీదికి చెయ్యి చాచాడు. అదే క్షణాన ధర్మతేజ వాల్వు రేడియోను రెండు చేతులా ఎత్తి ఆ మణికట్టు మీద దించాడు. ఎముక చిట్లిన చప్పుడుతో పాటు పిస్టల్ పేలి, గుండు పైకప్పులో దిగింది. రూడెక్ రెండో చేత్తో గడియను అందుకోబోయాడు. స్ఫూర్తి యంత్రానికి అడ్డంగా నిలబడి, ఆ చేతిని పట్టుకొన్నది.

ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

టక్.

డ్రైవు మీద ఎర్రదీపం ఆరింది. చెరిపాక ఏం చూపాలో రామాబాయి యంత్రానికి ముందే నేర్పి ఉంచింది; తెర మీద అక్షరాలు ఒక్కొక్క వరుసే దిగసాగాయి. హంపయ్య. హంపయ్య. హంపయ్య. నలభై ఒక్క వరుసలు, నలభై ఒక్కసార్లు ఒకే పేరు. స్టాండ్ మీది ఫోను ఆ పేరును ప్రపంచం నలుమూలలా ఉన్న ఖాతాదారులకు నమ్మకంగా చేరవేసింది.

"ఇక రావచ్చు" అన్నాడు ధర్మతేజ చెవిలోని యంత్రంతో. గేటు దగ్గర కాపలావాడి బూట్ల చప్పుడు, దాని మీద మరో ఆరు జతల చప్పుడు, తరువాత నిశ్శబ్దం.

రూడెక్ గోడకు జారగిలబడి ఉన్నాడు. ధర్మతేజ పిస్టల్ అతని కణతకు ఆని ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. చీఫ్ చెప్పిన రెండో ఆర్డర్ ఆ సమయంలో అతనికి గుర్తులేదు. గిల్లేసూగూరు దారి పక్కన పడి ఉన్న ఒక చెప్పు మాత్రం గుర్తుంది.

"ఒద్దు తేజా" అన్నది రామాబాయి.

"వీడు బతకటానికి వీల్లేదండీ అమ్మగారూ."

"జరా ఆగు."

ఫోను మోగింది. తెర మీద పేరు లేదు, అంకెలు మాత్రమే. మోగి ఆగింది. వెంటనే మరో దేశం నుంచి, మోసపోయిన మరో ఖాతాదారు నుంచి మోగింది. రూడెక్ ఆ ఫోను వైపు చూసిన చూపులో, పిస్టల్ వైపు చూసినప్పుడు లేని భయం ఉంది.

"సచ్చినోనికి ఎవ్వరు ఫోన్ చెయ్యరు" అన్నది రామాబాయి. "వీడు బతకాలె. రోజు మోగుతుండాలె. జైల్ల గూడ ఆ సప్పుడు వీని చెవుల మోగుతుండాలె."

ధర్మతేజ పిస్టల్ దించాడు. అంత కఠినమైన శిక్ష తన రూల్సు పుస్తకంలో దేనికీ లేదని అతనికి తోచింది.

బృందంవాళ్ళు తనకు బేడీలు వేస్తుండగా స్ఫూర్తి రామాబాయి ముందు ఆగింది. "డిస్కు మాత్రమే తెస్తామన్నారు. మాస్టారికి ఏమీ కాదన్నారు. నేను నమ్మాను. క్షమించమని అడగను."

"అడగకు. ఇస్తలేను" అన్నది రామాబాయి. ఆమె వైపు ఒక్క క్షణం చూసి, టేబుల్ మీది ఫ్లాపీని, స్ఫూర్తి పట్టీ అంటించిన దానిని, తీసుకొని అరలో మిగతావాటి పక్కన నిలబెట్టింది. "పట్టీ మాత్రం మంచిగ అంటించినవ్."

*

మరుసటి వారం రిజిస్టర్డ్ పోస్టులో రామాబాయికి ఒక కాగితం వచ్చింది. దాని మీద శాఖ పేరు లేదు, శరణబసవ సంతకం మాత్రం ఉంది. కారణం వివరించడానికి నిబంధనలు అంగీకరించనందున ఆ కాగితంలో ఉన్నది ఇంతే:

"రాయచూరు, మక్తల్‌పేట వాస్తవ్యురాలు శ్రీమతి రామాబాయి హంపయ్యగారు ప్రస్తుత సంవత్సరం మే పదమూడో తేదీన ఒక పాత డిస్కు నుంచి చిన్న నల్లని పట్టీని సకాలంలో తొలగించినందుకు గాను, ఈ కార్యాలయం తన కృతజ్ఞతను ఇందుమూలముగా అధికారికంగా నమోదు చేయుచున్నది. సదరు పట్టీని ప్రభుత్వానికి అప్పగించవలసిన అవసరం లేదు."